బేకరీ అద్దానికి అంటించిన చీటీ

అద్దాలు తుడిచే పనిలో ఇన్నేళ్లు ఉన్నానంటే నేను నిచ్చెనలెక్కి ఉంటానని అందరూ అనుకుంటారు. నేనెక్కింది షాపుల మెట్లు. తుడిచేవాళ్లు వేరు, తుడిచినందుకు డబ్బులు అడిగి తెచ్చేదాన్ని నేను. అద్దం తుడవడం కష్టమంటే నేను ఒప్పుకోను. తుడిచిన అద్దం అవతల ఒక మనిషి మనల్ని చూసి కూడా చూడనట్టు కూర్చుంటాడే, అతని చేత డబ్బు తీయించడం కష్టం. నా మోకాళ్లు అరిగింది అందుకే.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "పెద్దమ్మా, పోస్టు బందైనప్పుడు బిల్లులు ఎట్ల వసూల్ జేసిన్రు?" అని అడుగుతారు. ఆ వానాకాలం సంగతి ఎవరో వాళ్లకు చెప్పి నవ్వి ఉంటారు. నవ్వొచ్చే సంగతే, కాదనను. కానీ మా బిల్లుల గోలలో ఏ పాపమూ ఎరుగని ఒక ఆడమనిషి దొంగ అనిపించుకుంది. ఆమె ఉద్యోగం ఊడేదాకా వచ్చింది. ఎట్లా జరిగిందో ఆనాడు నాకు తలా తోకా తెలియలేదు. ఇప్పటికీ సగమే తెలిసింది. తెలిసిన సగం చెబుతాను, వినండి.

మెదక్‌లో ఒకప్పుడు పెద్ద అద్దం చూడాలంటే కటింగు షాపుకు పోవాల్సిందే. జిల్లా ఆఫీసులు ఊళ్లోకి వచ్చాక బట్టల షోరూములు, ప్రైవేటు దవాఖానాలు, ఫంక్షన్ హాళ్లు లేచాయి. అన్నింటికీ ముందు వైపు అద్దాలే. దుమ్ముకు, బోరు నీళ్ల మరకలకు అవి నెల తిరక్కముందే మసకబారేవి. మా కాంట్రాక్టరు హైదరాబాదులో తాళ్లకు వేలాడుతూ అద్దాలు తుడిచి, ఆ పని నేర్చుకొని సొంతూరికి వచ్చినవాడు. నాకంటే చాలా చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. ఒక పాత ఆటో ట్రాలీ, రెండు నిచ్చెనలు, కొందరు పనివాళ్లు, నేను. అంతే మా కంపెనీ.

పనివాళ్లలో పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పొడుగు నిచ్చెన ఆయనది, ఇంకొకరిని ఎక్కనిచ్చేవాడు కాదు. ఆయనకొక పట్టుదల. గాజు మీద గాజు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఎప్పటివో ట్యూషన్ కాయితాలు, టేపు ముక్కలు, ఎండి ముడుచుకుపోయిన స్టిక్కర్లు, ఏది కనబడినా జేబులోంచి బ్లేడు తీసి గీకేసేవాడు. దేవుడి బొమ్మ ఉంటే మాత్రం దండం పెట్టుకొని దాని చుట్టూ తుడిచేవాడు. ఆయన తుడిచిన అద్దానికి పిచ్చుకలు వచ్చి కొట్టుకునేవి. అది చూసి ఆయన బాధపడేవాడో మురిసేవాడో నాకు అర్థమయ్యేది కాదు.

మాకు డబ్బు రెండు దారుల్లో వచ్చేది. షోరూములకు, పెద్ద బడులకు ఆఫీసులు హైదరాబాదులో ఉంటాయి. వాళ్లు చెక్కు రాసి పోస్టులో పంపేవాళ్లు. ఊళ్లో షాపుల వాళ్లు చేతికే ఇచ్చేవాళ్లు. చెక్కులతో జీతాలు గడిచేవి. చేతికి వచ్చేది డీజిలుకు, సబ్బునీళ్లకు సరిపోయేది. ఆ బండి అట్లా నడుస్తూ ఉంది.

ఆ ఏడు వాన పట్టిందంటే పట్టింది. వాగులు రోడ్ల మీదికి వచ్చాయి. రామాయంపేట వైపు రోడ్డు కోసుకుపోయింది, హైదరాబాదు దారిలో ఎక్కడో కల్వర్టు కూలిందన్నారు. బస్సులు చుట్టు తిరిగి వచ్చేవి, లేదంటే వచ్చేవే కావు. పోస్టు బస్తాలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. నేను రోజూ గొడుగు పట్టుకొని పోస్టాఫీసుకు పోయి నిలబడేదాన్ని. పోస్టుమాన్ పాపం మంచివాడు. నన్ను చూడగానే రెండు చేతులు ఖాళీగా చూపించేవాడు.

"రాలే అక్కా. నువ్వు అడుగుడు నాకే సిగ్గయితున్నది. నీ చెక్కులు నేనేమన్న దాసుకుంటున్ననా?" అన్నాడొకరోజు.

హైదరాబాదు ఆఫీసులకు ఫోన్ చేస్తే, చెక్కు పంపేశాం, వచ్చేదాకా ఆగమన్నారు. ఇంకో చెక్కు రాయమంటే, ముందుది వాపసు రావాలన్నారు. రాని చెక్కును వాపసు ఎట్లా ఇవ్వాలో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇక్కడ జీతాల రోజు దాటిపోయింది. పెద్దాయన ఒకనాడు నా పక్కకు వచ్చి, "నేనైతే అడుగ చెల్లె. మా ఇంటామె అడుగుతున్నది" అన్నాడు. అంతకంటే గట్టిగా అడగడం ఆయనకు రాదు.

ఇక మిగిలింది ఊళ్లో షాపులు. వాటి దగ్గర వసూలు అంటే ఏమనుకుంటున్నారు? పొద్దున్నే పోతే బోణీ కాలేదంటారు. బోణీ కాకముందు గల్లాపెట్టెలోంచి రూపాయి బయటికి పోకూడదు. బోణీ అయ్యాక పోతే గిరాకీ ఉంది, కనబడతలేదా అంటారు. మధ్యాహ్నం పోతే సేటు భోజనానికి పోయి ఉంటాడు, తిన్నాక కునుకు తీస్తాడు. సాయంత్రం దీపాలు పెట్టాక లక్ష్మిని బయటికి పంపరు. మంగళవారం ఇవ్వరు, శుక్రవారం అసలే ఇవ్వరు. మీరే లెక్క వేసుకోండి, వారంలో నాకు మిగిలిన సమయం ఎంతో. అప్పటిదాకా చెక్కులుండబట్టి ఈ తిప్పలు నాకు అంతగా తగల్లేదు. ఆ వానలో గల్లీ గల్లీ తిరిగి ఉత్తచేతులతో వస్తుంటే ఏడుపు వచ్చేది, ఎవరి మీదో తెలియకుండా కోపం వచ్చేది.

అప్పుడు మా కాంట్రాక్టరుకు ఒక ఉపాయం తట్టింది.

"అక్కా, నోరు దెరిచి అడుగుడెందుకు? మన స్కానర్ చీటీలు ప్రింట్ గొట్టిస్త. అద్దం తుడిచినంక జర కనవడేటట్టు అంటిద్దాం. సేటుకు బుద్ధి పుట్టినప్పుడు ఫోన్ దీసి కొడతడు. గల్లల కెళ్లి తీసుడు లేదు, లక్ష్మి బయటికి పోవుడు లేదు."

"మంచిగనే ఉన్నది తమ్మీ. సేటుకు బుద్ధి ఎప్పుడు పుట్టాలె?" అన్నాను.

ఆయన నవ్వాడు గాని ప్రింటు కొట్టించాడు. కింద 'అద్దాల బిల్లు' అని వేయమని చెప్పాడట. ప్రింటింగు అతను స్కానర్ గళ్లు అరచేతి వెడల్పున వేసి, ఆ అక్షరాలు మాత్రం చీమ తలకాయంత వేశాడు. ఖాతా మా కాంట్రాక్టరు భార్య పేరు మీద ఉంది. డబ్బు పడితే చప్పుడు చేసే ఫోను ఒకటి నా చేతికిచ్చారు. ఎవరు కట్టారో చూసి, బాకీలోంచి కొట్టేయడం నా పని.

పెద్దాయన చీటీలు అంటించాడు. ఆయన అంటిస్తే చూడాలి. వంకర ఉండదు, గాలిబుడగ ఉండదు. కాయితం గాజులోంచే పుట్టిందా అనిపిస్తుంది.

రెండు రోజులు ఫోను ఉలకలేదు, పలకలేదు. మూడోనాడు పొద్దున టింగుమంది. పదిహేను రూపాయలు. కాసేపటికి మళ్లీ టింగు. ముప్పై. సాయంత్రం అయ్యేసరికి టింగు టింగు టింగు. ఇరవై, పదిహేను, నలభై ఐదు. పేర్లు చూస్తే ఒక్కరూ మా కస్టమర్లు కారు. నాకు పిచ్చెక్కినంత పని అయింది. నెల బిల్లు పదిహేను రూపాయల చొప్పున ఎవరైనా కడతారా?

"పోస్టు లేక అందరు పరేషాన్ల ఉన్నరు గదక్కా. కొద్దికొద్దిగ కడుతున్నరు" అన్నాడు కాంట్రాక్టరు.

"మరి ఈ పేర్లెవలయి?"

"సేట్లు సొంత ఫోన్ల మీద కడతరా? పెండ్లాం పేరు మీద, బామ్మర్ది పేరు మీద కడతరు. నేను గూడ గట్లనే గద."

అదీ నిజమే అనిపించింది. డబ్బు వస్తున్నప్పుడు ఏ మాటైనా నిజమే అనిపిస్తుంది. ఎవరి బాకీలోంచి కొట్టేయాలో తెలియక అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఒకరోజు మాత్రం పెద్ద మొత్తం ఒకటి పడింది. లెక్క చూస్తే ఊళ్లోని ఒక చిన్న బడి కట్టాల్సిన దానికి ఇంచుమించు సరిపోయింది. హమ్మయ్య అనుకొని, వానలో ఆ బడికి పోయి, ఆఫీసులో కూర్చున్న ఆయనకు దండం పెట్టి, "బిల్లు ముట్టింది సారు, కష్టకాలంల ఆదుకున్నరు" అని చెప్పి వచ్చాను. ఆయన ఒక క్షణం నా మొహం చూసి, "మంచిదమ్మా" అన్నాడు. ఊరికే దండాలు పెడితే వద్దనేవారెవరు?

ఆ డబ్బుతో పనివాళ్లందరికీ సగం జీతాలు ఇచ్చేశాం. పెద్దాయన నోట్లు కళ్లకద్దుకొని తీసుకున్నాడు. ఆ రాత్రి నేను మంచిగా నిద్రపోయాను.

ఇక బేకరీ సంగతి. బస్టాండుకు కొంచెం ఇవతల ఒక బేకరీ ఉండేది, ఇప్పుడూ ఉంది. ముందు అద్దం, లోపల కేకులు పెట్టే అద్దాల కౌంటరు, రెండూ మేమే తుడిచేవాళ్లం. సేటు చెడ్డవాడు కాదు, నోరు మాత్రం పెద్దది. కౌంటరు దగ్గర ఒకామె పనిచేసేది. ముప్పై ఐదేళ్లుంటాయి. కుల్చారం వైపు ఊరు, రోజూ మొదటి బస్సుకు వచ్చేది. ఆమె జీతం మీదే ఇల్లు గడిచేదని నాకు తెలుసు. భర్తకు పని ఉన్నరోజు ఉంటుంది, లేనిరోజు లేదు. పఫ్‌లు అందించడం, డబ్బు తీసుకోవడం, చిల్లర ఇవ్వడం అన్నీ ఆమే చేసేది. సేటు వెనకాల బట్టీ దగ్గర ఉండేవాడు. ఫోనులో డబ్బు కొట్టినవాళ్లు పచ్చగా టిక్కు పడిన తెర చూపిస్తే ఆమె తల ఊపి కవరు చేతికిచ్చేది. డబ్బు వచ్చిందని పలికే డబ్బా ఒకటి ఉండేదట గాని వానకు చెడిపోయిందని పక్కన పడేశారు.

ఆ బేకరీ బిల్లు కూడా రాలేదు. ఆరోజు వాన కొంచెం తెరిపి ఇచ్చింది. బోణీ అయి ఉంటుంది, సేటు ఇంకా భోజనానికి పోయి ఉండడు అని సమయం చూసుకొని బయల్దేరాను. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు, సరిగ్గా అప్పుడే పోయాను.

సేటు కౌంటరు ముందు నిలబడి అరుస్తున్నాడు. ఆమె సంచి కౌంటరు మీద బోర్లించి ఉంది. టిఫిన్ డబ్బా, దువ్వెన, బస్సు పాసు, ఇంకేవో ఆడవాళ్ల వస్తువులు అన్నీ బయట పడి ఉన్నాయి. బ్రెడ్డు కొనడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఎటు చూడాలో తెలియక కేకుల వైపు చూస్తున్నారు.

"పొద్దుగాల నిండ ట్రే పెడుతున్న. పొద్దుమూకెటాల్లకు ఖాళీ. గల్లల లెవ్వు, ఖాతల లెవ్వు. మరి పఫ్‌లు ఎలుకలు తిన్నయా?" అంటున్నాడు సేటు.

"అందరు ఫోన్లనే గొడుతుండ్రు సేటు. నేను టిక్కు చూసినంకనే ఇస్తున్న" అంది ఆమె. ఏడవడం లేదు. మొహం మాత్రం పాలిపోయింది.

"ఫోన్ల గొడితే నాకు రావాలె గద. రేపటిసంది రాకు. ఇన్నొద్దులు నమ్మిన, చాలు."

"సేటు, మీరు గీ మాటంటే బజార్ల ఇంకెవలు నన్ను కౌంటర్ మీద నిలవెట్టుకోరు. నేను తియ్యలే. సంచి చూసిన్రు గద. ఇంక ఏం జూపాలె?"

వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. ఇంతలో ఒకతను లోపలికి వచ్చి రెండు ఎగ్ పఫ్‌లు తీసుకున్నాడు. గొడవ జరుగుతున్నదని కూడా చూడకుండా వంగి కౌంటరు అద్దం మీద స్కాన్ చేశాడు. ఆమె వెంటనే, "చూడుండ్రి సేటు, మీ ముందటనే కొట్టిండు. టిక్కు వడ్డది. మీకు వచ్చిందా?" అంది.

సేటు తన ఫోను చూసి, "రాలే" అన్నాడు.

"నాకు కట్ అయినయి అన్నా" అన్నాడు పఫ్‌ల అతను.

నా సంచిలో టింగుమంది.

తీసి చూశాను. ముప్పై రూపాయలు. నాకేమీ అర్థం కాలేదు. ఇంకొకామె బ్రెడ్డు తీసుకొని తనూ స్కాన్ చేసింది. మళ్లీ టింగు, నలభై. నేను మెల్లగా కౌంటరు దగ్గరికి పోయి వంగి చూశాను. క్రీమ్ రోళ్ల ట్రే పక్కన, అద్దం మీద, నిటారుగా, ఒక్క బుడగ లేకుండా మా చీటీ.

"సేటు, గా పైసలు నా దగ్గర వడుతున్నయి" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"నీ దగ్గర వడుడేంది?" అన్నాడు సేటు.

"గా చీటి మాది."

"మీ చీటి నా కౌంటర్ మీదెందుకున్నది?"

"బిల్లు కోసం."

"ఏం బిల్లు?"

"అద్దాల బిల్లు. మీరు కట్టలే గద."

"నేను కట్టకపోతే నా గిరాకీల దగ్గర వసూల్ జేస్తున్నవా?"

నేను నిజం చెబితే గొడవ తెగుతుందనుకున్నాను. అది ఇంకో వైపు పెరిగింది. సేటు నన్ను చూశాడు, ఆమెను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"ఓహో. అయితే మీరిద్దరు గల్సి చేస్తున్నరు. నువ్వు చూసుకుంట అంటించనిచ్చినవా?" అన్నాడు ఆమెతో.

"తుడిచేటోళ్లు వస్తరు, తుడుస్తరు, పోతరు. నేను పఫ్‌లు అమ్మాల్నా, గోడలకు కావలి ఉండాల్నా? మీ స్కానర్ మీ బామ్మర్ది అంటించి పోయిండు. ఏ గళ్లు ఎవలయో నాకేమెరుక?" అంది ఆమె. నా వైపు మాత్రం చూడలేదు.

నేను ఫోన్ చేసి పెద్దాయనను రమ్మన్నాను. పక్క గల్లీలోనే ఉన్నాడు, తడిసిన అంగీతోనే వచ్చాడు. ఇక్కడ ముందు ఇంకో స్కానర్ ఉండేనా అని అడిగాను.

"ఉండె. నేనే గీకిన" అన్నాడు ఆయన నింపాదిగా. "జిడ్డు వట్టి, క్రీమ్ వట్టి, మూలలు లేసి, చూసేటందుకే మంచిగ లేకుండె. పాతదేదో అనుకున్న. సాఫ్ జేసి, గా జాగల్నే మనది వెట్టిన. బుడగ గూడ లేదు, చూడుండ్రి సేటు."

నవ్వాలో ఏడవాలో తెలియక గోడకు ఆనుకున్నాను. ఆయన తప్పేమీ చేయలేదు, ఎప్పుడూ చేసే పనే చేశాడు. మురికి స్టిక్కరు కనబడితే గీకకుండా ఉండలేని మనిషి చేతికి అంటించే స్టిక్కర్లు ఇచ్చింది మేమే కదా. ఎవరిని తిట్టాలో తెలియక వానను తిట్టుకున్నాను.

మా కాంట్రాక్టరు వచ్చాడు. సేటు భోజనానికి పోలేదు. ఆ మధ్యాహ్నమంతా మేమందరం ఫోనులో పడిన ప్రతి టింగు చదువుతూ పోయాం. పదిహేను అంటే ఆమె "ఎగ్ పఫ్" అనేది, ఇరవై అంటే "దిల్‌పసంద్" అనేది. నేను బడి బిల్లు అనుకొని దండం పెట్టి వచ్చిన పెద్ద మొత్తం ఎవరిదో పుట్టినరోజు కేకు. పఫ్‌ల అతను కూడా పోకుండా నిలబడి చూశాడు. "పేరు ఆడోళ్లది వస్తే మీ ఇంటామె అనుకున్న సేటు" అన్నాడు. ఆ పేరు చూసి కొన్నవాళ్లందరూ అట్లాగే అనుకొని ఉంటారు. చదివినకొద్దీ సేటు గొంతు తగ్గింది. మా బిల్లు అందులో కొట్టేయమన్నాం. మిగతాది చెక్కులు రాగానే కడతానని కాంట్రాక్టరు చేతులు పట్టుకున్నాడు. కట్టాడు కూడా, అది వేరే సంగతి.

అంతా తేలాక సేటు లేచి, "సరే తియ్యి. తెలిసిపాయె గద. పని చూస్కో" అన్నాడు ఆమెతో.

ఆమె అప్పటికి తన వస్తువులన్నీ సంచిలో సర్దుకుంది. తలకు పెట్టుకునే టోపీ తీసి కౌంటరు మీద పెట్టింది.

"నన్ను దొంగ అన్నప్పుడు గిరాకీలు ఉండె సేటు. నా సంచి బోర్లిచ్చినప్పుడు బ్రెడ్డుకచ్చినోళ్లు చూసిన్రు. గప్పుడు రోడ్డు మీదికి ఇనవడ్డది. ఇప్పుడు తెలిసిపాయె అని మెల్లగంటుండ్రు. గప్పుడెట్ల అన్నరో గట్లనే గట్టిగ, గిరాకీల ముందట అనుండ్రి. అంటే ఉంట. లేకుంటే పోత."

సేటు మొహం ఎర్రబడింది. షాపులో గిరాకీల ముందు తప్పైందని చెప్పడం ఆయన తరం కాదు. నా వైపు వేలు చూపించి, "చీటి వీళ్లది. తప్పు వీళ్లది. వీళ్లే చెప్తరు. సాయంత్రం గిరాకి టైముకు నిలవడి వచ్చినోళ్లందరికి చెప్పుమను" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. అంతసేపట్లో నన్ను సూటిగా చూడడం అదే మొదటిసారి. చెబుతానన్నాను. చెప్పకపోతే ఆమె ఆ బస్సెక్కి పోయేది, దొంగ అనే మాట ఆమె వెంట పోయేది. అది మాత్రం నాకు స్పష్టంగా తెలుసు.

సాయంత్రం బడులు, ఆఫీసులు వదిలారు. వేడి పఫ్‌లు దిగే వేళ. నేను కౌంటరు పక్కన నిలబడ్డాను. వచ్చినవాళ్లకల్లా చెప్పడం మొదలుపెట్టాను. "అయ్యా, గీ బేకరిల పైసలు తక్కువ వడ్డయని ఈమె మీద అనుమానపడ్డరు. ఈమె తియ్యలే. తప్పు మాది. అద్దాలు తుడిచేటోళ్లం, మా చీటి అంటించినం." కష్టపడి నేర్చుకున్న పాఠంలాగా అప్పజెప్పాను.

మొదటాయన కంగారుగా ఫోను తీసి, "అయితే నేను మల్ల కట్టాల్నా?" అన్నాడు. కట్టనక్కర్లేదన్నాను. ఇంకొకామె, "మరి నా పైసలు నాకు వాపస్ వస్తయా?" అంది. పఫ్‌లు తిన్నారు కదమ్మా అన్నాను. ఒకాయన మొత్తం విని, "ఇంతకు ఏం ఆఫర్ నడుస్తుంది?" అన్నాడు. ఒక్కరికీ ఒక్క ముక్క సరిగ్గా ఎక్కలేదు. అయినా చెబుతూనే ఉన్నాను.

అట్లా చెబుతూ చెబుతూ ఉంటే ఒక సంగతి నాకు కనబడింది. నేను చెప్పడం అయిపోగానే ప్రతి ఒక్కరూ తల తిప్పి ఆమెను చూస్తున్నారు. కాళ్ల నుంచి తల దాకా చూస్తున్నారు. "ఎవలు, గామెనా?" అంటున్నారు. వాళ్లలో ఎవరికీ పొద్దున జరిగిన గొడవ తెలియదు. ఆ ఇద్దరు ముగ్గురు చూశారు, వాళ్ల బ్రెడ్డు తీసుకొని పోయారు. ఆమె మీద దొంగ అనే అనుమానం వచ్చిందని మెదక్‌కు చెబుతున్నది నేను, ఒక్కొక్కరికీ, గట్టిగా. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నా నోటితోనే చేస్తున్నాను.

నా గొంతు తగ్గిపోయింది. ఆమె పక్కకు వంగి, "ఇగ చాలిస్తనమ్మా?" అని అడిగాను.

"చెప్పు అక్కా. మొదలువెట్టినవ్ గద" అంది. పఫ్‌లు కవర్లో వేస్తూనే ఉంది.

ఒక ముసలాయన వచ్చాడు. రోజూ రస్కులు కొనే మనిషి, నెమ్మదస్తుడు. నేను చెప్పింది మొత్తం ఓపికగా విన్నాడు. ఆమె వైపు తిరిగి, చాలా ప్రేమగా, "అంటే నువ్వు తియ్యలేదన్నట్టే గద బిడ్డా?" అన్నాడు.

ఆమె "అన్నట్టే పెద్దయ్యా" అంది. రస్కుల కవరు ఆయన చేతిలో పెట్టింది.

ఆ ముసలాయన మనసులో ఏ చెడూ లేదని నేను ఒట్టేసి చెప్పగలను. అయినా ఆ మాట విన్నాక నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. నిలబడ్డాను. దీపాలు పెట్టారు, గిరాకీ పలచబడింది, ఆమె బస్సు వేళ అయింది. సంచి భుజాన వేసుకొని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె వస్తుందో రాదో అని నేను బోణీ వేళకే అక్కడికి పోయాను. వచ్చింది. టోపీ పెట్టుకుంది. సేటు రాత్రంతా ఏం ఆలోచించాడో గాని, ఆమెను పిలిచి, గల్లాపెట్టె తాళంచెవి కౌంటరు మీద పెట్టాడు. "ఇగ మీదికెళ్లి గల్ల నువ్వే చూస్కో. నేను లెక్క గూడ అడుగ" అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద క్షమాపణ రాదని మాకిద్దరికీ తెలుసు.

ఆమె ఆ తాళంచెవిని వేలితో మెల్లగా ఆయన వైపుకు నెట్టింది.

"వద్దు సేటు. నేను పఫ్‌లు ఇస్త. పైసలు మీరే తీస్కోండ్రి."

తర్వాత వాన వెలిసింది, రోడ్లు బాగయ్యాయి, పోస్టు బస్తాలు ఒక్కసారే వచ్చిపడ్డాయి. పోస్టుమాన్ ఆ చెక్కులన్నీ పండగ మిఠాయి పంచినట్టు నా చేతిలో పెట్టాడు. ఎవరికి ఇవ్వాల్సింది వాళ్లకు ఇచ్చాం. బడి ఆఫీసు ఆయన దగ్గరికి మళ్లీ పోయి, సారూ మీరు కట్టలేదట అని చెప్పడానికి నాకు వారం పట్టింది. చీటీలన్నీ పెద్దాయనే గీకేశాడు. మీకు నేను చెప్పేదేమిటంటే, పిల్లలూ, డబ్బు కావాలంటే నోరు తెరిచి అడగండి. గడప దగ్గర నిలబడలేక సిగ్గుపడి చేసిన ఏ ఉపాయమైనా చివరికి ఇంకెవరి గడపకో పోయి తగులుకుంటుంది. ఇది కూడా నాకు పూర్తిగా అర్థమై చెబుతున్నానని అనుకోకండి.

ఆమె ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. నాతో మంచిగా మాట్లాడుతుంది, మోకాళ్ల నొప్పి తగ్గిందా అని అడుగుతుంది. నేను రస్కులు తీసుకొని నోటు చాపితే మాత్రం రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటుంది. "సేటుకియ్యి అక్కా" అంటుంది. సేటు లోపల బట్టీ దగ్గర ఉంటే, ఆ నోటు కౌంటరు మీద మా ఇద్దరి మధ్యన పెట్టుకొని, ఆయన వచ్చేదాకా ఇద్దరం నిలబడతాం.